జొన్న నేలలో గోధుమ లేని పథ్యము

హైదరాబాదునుండి పడమటి దారి పట్టి చేవెళ్ల, మన్నెగూడ దాటి పోవువారికి పరిగి తగులును. ఆ దారియే ముందునకు సాగి కొడంగల్ మీదుగా కర్ణాటకమును చేరును. ఎర్రనేలయు నల్లరేగడియు కలిసిన ఈ వికారాబాదు, తాండూరు, పరిగి ప్రాంతమున కందియు జొన్నయు పాతకాపులు. పొయ్యిమీద పెనము, పెనముమీద చేతితో తట్టిన జొన్నరొట్టె, ప్రక్కన గట్టిపప్పు, చివర ఇంత మజ్జిగ: తరతరములుగా ఇచ్చటి భోజనము ఇది.

ఇట్టి ఊరిలో ఒక యింటిని ఊహించుకొందము. ఆ యింటి ఆడపడుచు నగరమున కాపురమున్నది. ఆమె బిడ్డకు ఆరేండ్లు. ఉదయము బొంబాయి రవ్వ ఉప్మా, మధ్యాహ్నము బడిలో రొట్టెముక్కలు, సాయంకాలము బిస్కట్లు, రాత్రి చపాతి. బిడ్డకు పొట్ట ఉబ్బియుండును, కాలుసేతులు పుల్లలవలె నుండును, విరేచనములు ఆగవు, ముఖము పాలిపోయి యుండును, ఎత్తులో తోడిపిల్లల భుజములకైన రాదు. వేసవి సెలవులకు ఆ బిడ్డ పరిగిలోని అమ్మమ్మ ఇంటికి వచ్చినది. రెండు నెలలు జొన్నరొట్టెయు అన్నమును మజ్జిగయు తిన్నది. ముఖమున కళ వచ్చినది. ఇరుగుపొరుగులు ఆశ్చర్యపడగా అమ్మమ్మ, "మా ఊరి నీళ్ళు పడ్డయి పిల్లకు" అనెను. బడులు తెరిచిరి. బిడ్డ నగరమునకు మరలెను. నెల తిరుగకముందే పాతకథ మరల మొదలయ్యెను. నీళ్లను గూర్చి అందరును మాటలాడిరి. రొట్టెను గూర్చి ఎవ్వరును మాటలాడలేదు.

ఇది మేము కల్పించి చెప్పిన యిల్లే. కాని ఇట్టి పొరపాటు కల్పితము కాదు. తప్పు నీటిది కాదు, రొట్టెది అని కనుగొనుటకు పెద్ద పెద్ద వైద్యులకే అరువదేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను చెప్పి, దానికిని మన జొన్న నేలకును గల సంబంధమును చూపుటయే నేటి మా ప్రయత్నము.

ముందు వ్యాధి యెట్టిదో తెలిసికొందము. దీనిని సీలియాక్ వ్యాధి యందురు. ఉదరమను అర్థము గల గ్రీకుమాటనుండి ఈ పేరు వచ్చినది. గోధుమలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. చపాతిపిండిని తడిపి పిసికినపుడు సాగుగుణము నిచ్చునది అదియే. దానికి దగ్గరి చుట్టములైన మాంసకృత్తులు బార్లీలోను, పాశ్చాత్యులు వాడు రై అను ధాన్యములోను కూడ కలవు. నూటికి తొంబది తొమ్మండుగురికి ఇవి మంచి ఆహారములే. కొందరికి మాత్రము, వంశానుగతముగ వచ్చిన లక్షణము తోడగుటచే, దేహమును రక్షింపవలసిన శక్తులు ఈ మాంసకృత్తును పగవానిగా నెంచి పోరు సలుపును. ఆ పోరులో దెబ్బతినునది చిన్నప్రేవుల లోపొర. ఆ పొరపై మఖమలు బట్టమీది నూగువలె సన్నని అంకురములు లెక్కకు మిక్కిలిగా నుండును. తిన్న ఆహారములోని సారమును పీల్చునవి అవియే. అవి అరిగి చదునైనచో ఎంత తిన్నను ఒంటబట్టదు. నిండుకుండ యెదుట దప్పికతో నిలిచినట్లుండును ఆ రోగి స్థితి.

ఇది అంటువ్యాధి కాదు. పిల్లలకే వచ్చునదియు కాదు. పెద్దవారిలో విరేచనములే లేకుండ, మందులకు లొంగని రక్తహీనతగానో, ఎముకల బలహీనతగానో, తెంపులేని అలసటగానో ఇది బయటపడుట కలదు. మన ఆయుర్వేదము చిరకాలపు విరేచన రోగమును గ్రహణి యని పిలిచి, మజ్జిగను ప్రధానముగ నుంచి పథ్యము చెప్పినది. గ్రహణియు ఈ వ్యాధియు ఒక్కటే యనుట సరికాదు. ఐనను జీర్ణరోగమునకు తిండిలోనే చికిత్స కలదను భావము మనకు క్రొత్తది కాదు.

ఇక చరిత్రకు వత్తము. 1887వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన లండను నగరమున గ్రేట్ ఆర్మండ్ వీధిలోని పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ జీ అను వైద్యుడు ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించెను. మరుసటి యేట ఆ ఉపన్యాసము అచ్చుపడినది. వ్యాధి లక్షణములను అంత స్పష్టముగ అంతకు ముందెవ్వరును వర్ణింపలేదు. ఈ రోగము కుదురునదే యైనచో ఆహారము వలననే కుదురవలెనని ఆయన తేల్చి చెప్పెను. ఎంత సత్యమైన మాట! కాని ఏ ఆహారము? ఇచ్చట ఆయన చూపు దారి తప్పినది. బియ్యము, సగ్గుబియ్యము, మొక్కజొన్న పిండి ఈ పిల్లలకు తగవనెను. పలుచగ కోసి బాగుగ కాల్చిన రొట్టెముక్కను మాత్రము అనుమతించెను. మందును నిషేధించి విషమునకు తలుపు తీసినట్లయినది. ఒక బిడ్డకు ప్రతిదినము ఆల్చిప్పల మాంసము పెట్టగా చక్కగ కోలుకొనెననియు, ఆ ఋతువు దాటి అవి దొరకకపోగా రోగము తిరుగబెట్టెననియు ఆయనయే వ్రాసెను. బిడ్డ బాగుపడినది ఆల్చిప్పలలోని మహిమచేతనా, లేక అవి తిని కడుపు నిండుటచే రొట్టె తినకపోవుటచేతనా? ఆ ప్రశ్న ఆనాడు ఎవరికిని తోచలేదు. అమ్మమ్మ నీళ్లను మెచ్చుకొన్నట్లే ఆ మహావైద్యుడు ఆల్చిప్పలను మెచ్చుకొనెను.

తరువాతి మెట్టు అమెరికాలో. 1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యమును ప్రకటించెను. ఆయన చెప్పినవారు పదిమంది పిల్లలు. అరటిపండ్లు ప్రధానముగ పెట్టిన ఎనమండుగురు కోలుకొనిరి. ఆ పథ్యము లేని యిద్దరు మరణించిరి. ఈ వార్త దేశదేశముల వ్యాపించి ఎందరో తల్లులకు ఆశ కలిగించినది. హాస్ పథ్యములో రొట్టె, ధాన్యములు, బంగాళాదుంప నిషిద్ధములు. పిల్లలు బ్రతికినది అందువలన. కాని పేరు అరటిపండునకు వచ్చినది. తినినదానికి గౌరవము, మానినదానికి మరుపు: మనుష్యుని చూపు ఎప్పుడును పళ్లెములో ఉన్నదానిమీదనే నిలుచును, లేనిదానిమీద నిలువదు.

లేనిదానిని చూడనేర్చినవాడు హాలెండు దేశపు వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. ఆయన 1905లో జన్మించెను. హేగ్ నగరమున జూలియానా పిల్లల ఆసుపత్రికి 1936నుండి అధిపతిగా నుండెను. రొట్టె మానిన పిల్లలు తేరుకొనుటయు, మరల తినిన పిల్లలు క్రుంగుటయు గమనించి, గోధుమ లేని పథ్యమును ఆయన యుద్ధమునకు ముందే పెట్టి చూచుచుండెను. 1941లో డచ్చి భాషలో ఒక వ్యాసము కూడ ప్రకటించెను. లోకము అప్పుడు యుద్ధములో మునిగియున్నది. ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు అరుదు.

అటు పిమ్మట ప్రకృతి కాదు, మనుష్యుల క్రౌర్యమే ఒక భయంకరమైన పరీక్షను పెట్టినది. 1944 శరత్తునుండి 1945 మే మాసమున విముక్తి కలుగువరకు పశ్చిమ హాలెండున తిండి కరవైనది. జర్మను సైన్యము ఆహారపు రవాణాను అడ్డగించినది. ప్రజలు తులిపు పూలమొక్కల దుంపలు వండుకొని తినిరి. దాదాపు ఇరువది వేలమంది మరణించిరని అంచనా. రొట్టె అనునది కంటికి కరవైన ఆ చలికాలమున, ఈ రోగము గల పిల్లలు మాత్రము తోడివారివలె క్షీణింపక తేరుకొనుట డికె చూచెను. విముక్తితో మరల దొరకిన రొట్టెను లోకమంతయు కండ్లనీళ్లతో అందుకొన్నది. ఆ రొట్టెతోనే ఆ పిల్లలకు రోగము తిరుగబెట్టినది. చిరకాలముగ తన మనస్సులో నున్న అనుమానము అట్లు గట్టిపడినది.

ఇచ్చట ఒక మాట. ఆకలి ఎవరికిని వైద్యుడు కాదు. కరవును పొగడుటకు మేమీ సంగతి చెప్పుటలేదు. రోగులు కోలుకొన్నది ఆకలివలన కాదు, గోధుమ లేకపోవుటవలన. కడుపునిండ తినుచు గోధుమను మాత్రము మానినచో ఇంకను బాగుగ కోలుకొందురని తరువాతి పరీక్షలు నిరూపించినవి.

ఆ పరీక్షలు యుట్రెక్టు నగరమున జరిగినవి. వాన్ డె కామర్ అను రసాయనజ్ఞుడు మలములోని క్రొవ్వును సరిగా కొలుచు పద్ధతి నొకదానిని కల్పించెను. ఒంటబట్టని ఆహారము క్రొవ్వురూపమున బయటికి పోవును గనుక, ఆ కొలతయే రోగమునకు తూకపురాయి యైనది. ఒక్కొక్క బిడ్డకు కొంతకాలము గోధుమ, కొంతకాలము బియ్యము, కొంతకాలము మొక్కజొన్న, మరికొంతకాలము రై పెట్టుచు, దినదినమును కొలిచి వ్రాసికొనిరి. చూచువారికి ఏవగింపు కలిగించు ఈ పనియే సత్యమును నిలిపినది. గోధుమయు రైయు తినినపుడు క్రొవ్వు పెరిగినది; బియ్యము తినినపుడు పెరుగలేదు. 1950లో డికె తన సిద్ధాంత గ్రంథమును విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. శామ్యూల్ జీ నిషేధించిన బియ్యము నిర్దోషియనియు, ఆయన అనుమతించిన రొట్టెయే దోషియనియు అట్లు తేలినది.

గోధుమలో ఏది దోషి? 1952లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ నగరమున షార్లెట్ ఆండర్సన్ మున్నగు వైద్యులు గోధుమపిండిని కడిగి గంజి భాగమును, జిగట భాగమును వేరుచేసి రోగులకు పెట్టి చూచిరి. గంజి భాగము హాని చేయలేదు. జిగట భాగమైన గ్లూటెన్ హాని చేసినది. 1956లో మార్గో షైనర్ అను వైద్యురాలు నోటినుండి సన్నని గొట్టము దింపి, కోత లేకుండనే చిన్నప్రేవుల లోపొరనుండి ఆవగింజంత ముక్కను తెచ్చు సాధనమును రూపొందించెను. చదునైన అంకురములను సూక్ష్మదర్శినిక్రింద చూచుట సులభమైనది. పథ్యము పట్టిన పిమ్మట అవి మరల మొలకెత్తుటయు కంటికి కనబడినది. డికె 1962లో కన్నుమూసెను. 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు రోగి దేహము తనలోని ఏ పదార్థముపై పోరాడుచున్నదో గుర్తించిరి. దానినిబట్టియే నేడు ఒక చిన్న రక్తపరీక్షతో ఈ వ్యాధిని అనుమానింపగలుగుచున్నారు.

మన దేశమున ఈ వ్యాధి లేదని చిరకాలము అనుకొనిరి. 1966లో వాలియా, ఘాయ్ మున్నగు వైద్యులు ఉత్తర భారతమందలి పిల్లలలో ఇది కలదని బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించిరి. తరువాత అర్ధశతాబ్దమునకు, 2016లో, రామకృష్ణ, మఖారియా మున్నగువారు దేశములోని మూడు దిక్కులయందు 23,000 మందికి పైగా పెద్దలను పరీక్షించి జరిపిన పరిశోధన వెలువడినది. రక్తములో ఈ వ్యాధిని సూచించు లక్షణము ఉత్తరమున వేయికి 12 మందిలో, ఈశాన్యమున 9 మందిలో, దక్షిణమున ఒక్కరిలో కనబడినది. మనిషి దినమునకు తిను గోధుమ ఉత్తరమున సగటున 455 గ్రాములు, ఈశాన్యమున 37, దక్షిణమున 25. వ్యాధికి తావిచ్చు వంశ లక్షణము మాత్రము మూడు ప్రాంతములయందును ఇంచుమించు సమానమే: నూటికి 31 మొదలు 38 మందిలో కలదు.

ఈ అంకెలను పాఠకులు మరియొకసారి చూడగోరెదము. ఆ వంశ లక్షణము కలవారిలో చాలమందికి వ్యాధి ఎన్నటికిని రాదు; గోధుమ తిండి యొక్కటియే కారణమనుటయు తొందరపాటే. ఐనను దక్షిణాది దేహము ఈ వ్యాధికి అతీతమైనది కాదని మాత్రము స్పష్టము. దక్షిణాది పళ్లెము వేరుగా నుండినది. ఆ పళ్లెము ఇప్పుడు మారుచున్నది.

పరిగి ప్రాంతపు పళ్లెము ఎట్లు మారినదో చూతము. తెలుగు దేశపు మెట్టసీమలన్నింట జొన్న ప్రాచీనమైన తిండి. సన్నబియ్యపు అన్నమునకు అలవాటుపడిన శ్రీనాథ కవిసార్వభౌముడు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసినట్లు చాటువులు ప్రచారములో నున్నవి. ఆ యెగతాళిలోనే జొన్న ఎంతగా ప్రజలదై యుండెనో తెలియుచున్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు గుల్బర్గా జిల్లానుండి తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశమున చేరినవి. భాషనుబట్టి ఎల్ల గీసిరి గాని రొట్టె ఆ ఎల్లను ఎరుగదు. గీతకు ఆవల కన్నడమువారును, ఈవల తెలుగువారును ఒకే తీరున జొన్నరొట్టెను తట్టుచుండిరి. ముదిరిన కంకులు కోసి, కల్లములో నూర్చి, కొంత రొట్టెకు, కొంత గటకకు, కొంత అంబలికి ఉంచెడివారు. తొలి ఏకాదశినాడు జొన్న పేలాలు విసరి బెల్లము కలిపి పేలాలపిండి పంచుట తెలంగాణమున ఇప్పటికిని కలదు.

1983లో కిలో 2 రూపాయల బియ్యము పథకము వచ్చినది. పేదవాని కుండలో తెల్లని అన్నము ఉడికినది. దానిని తప్పుపట్టుట న్యాయము కాదు; ఆకలి తీరినది. కాని జొన్న పేదరికమునకు గుర్తు, అన్నము మర్యాదకు గుర్తు అను భావము బలపడినది. పొలములలో ప్రత్తియు మొక్కజొన్నయు పెరిగినవి. పట్టణములలో చక్కెరవ్యాధి భయమున రాత్రి అన్నమునకు బదులు చపాతి వచ్చినది. బేకరి రొట్టె, బిస్కట్టు, నూడుల్సు, పరోటా పల్లె అంగడిలోనికిని దిగినవి. 2016లో వికారాబాదు జిల్లా యేర్పడునాటికి ఈ మార్పు పూర్తిగా స్థిరపడియున్నది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించగా జొన్నకు మరల గౌరవము వచ్చినది. పేదల రొట్టె పెద్ద హోటళ్ల బల్లమీదికి ఎక్కినది.

జొన్నలో గ్లూటెన్ లేదు. 2007లో ఇటలీ పరిశోధకులు సీలియాక్ రోగులు కొద్దిమందికి జొన్న పదార్థములు పెట్టి చూడగా హాని కలుగలేదని ప్రకటించిరి. సజ్జ, తైదలు, కొఱ్ఱలు, సామలు, మొక్కజొన్న, బియ్యము కూడ ఈ రోగులకు తగినవే. యూరపు దేశములలో ఈ రోగి అంగడికి పోయి ప్రత్యేకముగ చేసిన రొట్టెను హెచ్చు వెల పెట్టి కొనవలెను. పరిగి రోగికి ఆ రొట్టె అమ్మమ్మ చేతిలోనే కలదు.

ఐతే జొన్నను దేవతగ చేసి కొలువవలదని ఇదే హైదరాబాదు చరిత్ర మనలను హెచ్చరించుచున్నది. కూనూరులో నుండిన పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అదియే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ దినములలో దక్కను పీఠభూమిలోని పేదలు కొందరు ఎండ తగులుచోట చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చెదరుట అను బాధలతో ఆసుపత్రులకు వచ్చుచుండిరి. ఇది పెల్లాగ్రా అను వ్యాధి. వచ్చినవారు ప్రధానముగ జొన్నమీదనే బ్రతుకువారు. గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు 1960లో, జొన్నలో లూసిన్ అను అంశము అధికముగ నుండుటకును ఈ వ్యాధికిని సంబంధము కలదని ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత వాదములు నడిచినవి. కాని ముఖ్యమైన నీతి నిలిచినది: జొన్నరొట్టె తప్పు చేయలేదు, రొట్టెప్రక్కన ఏమియు లేకపోవుటయే తప్పు. కందిపప్పు, ఆకుకూర, పాలు, పెరుగు, వీలైనవారికి గ్రుడ్డు, మాంసము తోడైనపుడే జొన్నభోజనము సంపూర్ణమగును. గోధుమ మానినవాడు ఒక్క ధాన్యమునకు బానిస కారాదు.

ఇక గృహిణులకు ఉపయోగపడు కొన్ని మాటలు. మొదటిది అన్నింటికన్న ముఖ్యము: పరీక్ష చేయించకముందు గోధుమ మానరాదు. పథ్యము పట్టిన పిమ్మట రక్తములోని లక్షణము మాయమగును, ప్రేవులు మానును. అప్పుడు వైద్యుడు నిజమును కనుగొనజాలడు. జీవితాంతము పాటింపవలసిన పథ్యమునకు గట్టి ఆధారము కావలెను. తీరని విరేచనములకు క్షయ మొదలుగా ఇతర కారణములు కూడ మన దేశమున కలవు. వానిని విడిచి గోధుమను నిందించుట ప్రాణమునకే ముప్పు. వ్యాధి నిర్ధారణయైన యింట తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడ పరీక్షింపవలెను. అట్టి దగ్గరివారిలో పదిమందికి ఒకరికి దరిదాపుగ ఈ వ్యాధి యుండుట కలదు. వ్యాధి లేనివారికి మాత్రము గోధుమ మానవలసిన పని యేమియు లేదు.

రెండవది: గోధుమ మారువేషమున వచ్చును. బొంబాయి రవ్వ, సేమియా, మైదా గోధుమబిడ్డలే యని అందరెరుగరు. బజారులో డబ్బాలలో దొరకు ఇంగువలో తరచుగ గోధుమపిండియో మైదాయో కలిసియుండును. సాంబారులో చిటికెడు వేసినను అది చేరును. మాల్టు కలిసిన పానీయములు బార్లీనుండి వచ్చినవి. డబ్బామీది వివరములు చదువుట అలవరచుకొనవలెను. మన దేశపు ఆహార ప్రమాణముల సంస్థ నియమముప్రకారము, గ్లూటెన్ లేనిదని అచ్చువేసిన పదార్థములో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఆ మాంసకృత్తు ఉండరాదు. మూడవది మన పల్లెలకు చెందినది: పిండి గిర్ని. గోధుమలు పట్టిన రాళ్లమధ్యనే జొన్నలు పట్టినచో జొన్నపిండి శుద్ధముగ నుండదు. ఇంట విసరుకొనుట, లేక గోధుమ పట్టని గిర్నిని వెదకుట మేలు. చపాతి కాల్చిన పెనమును రోగి రొట్టెకు వాడరాదు.

పథ్యము పట్టిన తరువాత మార్పు ఎట్లుండును? విరేచనములు సాధారణముగ కొన్ని వారములలో తగ్గును. ఆకలి పుట్టును. ఇనుము, సున్నపు ధాతువు, విటమినులు లోపించినవారికి వైద్యుడు వానిని వేరుగ ఇచ్చును. పిల్లలు బరువు పెరిగి, ఆగిపోయిన ఎత్తును అందుకొనజూతురు. ప్రేవుల అంకురములు పూర్తిగ మొలచుటకు పిల్లలకు కొన్ని నెలలు, పెద్దలకు రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ పట్టును. అందుచేత పది దినములకే ఫలము లేదని విసుగరాదు. ఆరు నెలలకు బాగుపడితిమని పండుగనాడు ఒక్క బొబ్బట్టు తిననూ రాదు. బంధువులు బలవంతపెట్టుటయే ఈ పథ్యమునకు పెద్ద శత్రువు. "ఒక్కటి తింటే ఏమవుతుంది" అను ప్రేమపూర్వకమైన మాట ఈ రోగికి పెట్టు విందు కాదు. ఆ పూట సకినములో, సర్వపిండియో చేసి పెట్టుట నిజమైన ఆదరము. ఇంగువ మాత్రము వేయకుండిన చాలును.

బరువు పెరుగుటకన్న ముందే కనబడు మార్పొకటి కలదు. ఎప్పుడును చిరాకుతో ఏడ్చుచు ఒక మూల కూర్చుండు బిడ్డ కొన్ని దినములకే లేచి ఆడజొచ్చును. వైద్యుల తూకముకన్న ముందుగ తల్లికి తెలియునది ఈ మార్పే.

మేము మొదట చెప్పిన పరిగి యింటికి మరల పోదము. అమ్మమ్మ నీళ్లను మెచ్చుకొన్నది, పొరపడినది. కాని బిడ్డ ఎచ్చట బాగుపడుచున్నదో, ఎచ్చట చెడుచున్నదో ఆమె కన్ను కనిపెట్టినది. డికెకు తోడైనదియు అట్టి చూపే. ఆమె చూచినదానిని వైద్యునికి చెప్పవలెను. వైద్యుడు దానిని తేలికగ త్రోసివేయక పరీక్షింపవలెను. ఆ రెండును జరిగిననాడు అరువదేండ్ల చరిత్ర ఒక నెలలో ముగియును. బిడ్డ నగరమునకు మరలునపుడు అమ్మమ్మ మూటలో పెట్టి పంపవలసినది ఊరి నీళ్లు కాదు, శుద్ధముగ విసరిన జొన్నపిండి, ఇంత తాండూరు కందిపప్పు.